కాలువ నీటి వైరస్‌లు, సమ్మయ్య కాక ఆశ

నా ఉద్యోగమంతా ఇతరుల మూత్రంతో, చీముతో, కళ్లెతో గడిచింది. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. మైక్రోబయాలజీ చదివి ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఈ మధ్య మా ఇంటికి వస్తున్నారు. తెల్లకోటు గురించి, పరిశోధన గురించి మాట్లాడుతుంటే వాళ్ల ముఖాలు వెలుగుతాయి. అవి లేవని నేననను. కాని పొద్దున తలుపు తీయగానే ముందుగా మీకు ఎదురయ్యేది మూత సరిగా పెట్టని మూత్రం డబ్బా. దాన్ని ఇచ్చిన మనిషి కిటికీ అవతల బెంచీ మీద కూర్చుని ఉంటాడు. డబ్బాను చూసినంత శ్రద్ధగా ఆ మనిషిని కూడా చూడగలిగితే ఈ పని మీకు అచ్చివస్తుంది.

నేను పనిచేసింది గోదావరిఖనిలో ఒక ప్రైవేటు దవాఖానలో. పేరు రాయను. అది ఇప్పుడు చేతులు మారింది, ల్యాబు కూడా లేదు. ప్రమోషన్ల గురించి చెప్పడానికి నాకు ఏమీ లేదు, ల్యాబులో మొదటి నుంచి చివరిదాకా పెద్దను నేనే, చిన్నను నేనే. ఇక్కడ చెప్పదలుచుకున్నది ఒక మనిషి గురించి, ఆయన చుట్టూ మేమంతా మాట్లాడిన మాటల గురించి.

మా పెద్దసారు

దవాఖాన యజమానిని అందరూ పెద్దసారు అనేవాళ్లు. జనరల్ సర్జన్. మంచి చెయ్యి, పెద్ద గొంతు. చుట్టుపక్కల దవాఖానలన్నీ శాంపిళ్లను హైదరాబాద్‌కు పంపించి ల్యాబులు మూసేస్తున్న రోజుల్లో ఆయన మా ల్యాబును ఉంచాడు. "బాయిల పనిచేసినోని ఉచ్చ బస్సెక్కి పట్నం పోయి, రిపోర్టు మళ్ల బస్సెక్కి వచ్చేసరికి ఆ మనిషే పోతడు స్వరూపా" అనేవాడు. ఇక్కడ బొగ్గు గనిని బాయి అంటారు. మా నాన్న కూడా బాయి దిగినవాడే. అందుకే ఆ మాట నాకు బాగా నచ్చేది.

ఆయన గురించి ముందుముందు మంచిగా రాయలేను. కాబట్టి ఈ సంగతి ఇక్కడే రాసి పెడుతున్నాను.

మాకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది రిటైరైన కార్మికులు. వయసు మీదపడ్డ మగవాళ్లకు మూత్రసంచి కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి పెరుగుతుంది, మూత్రం ఆగిపోతుంది, పైపు వేస్తారు. పైపు వేసిన చోట బాక్టీరియా చేరుతుంది. మూత్రాన్ని ప్లేటు మీద రాసి వెచ్చగా ఉంచితే మర్నాటికి ఆ బాక్టీరియా పెరుగుతుంది. దాని మీద మందులో తడిపిన చిన్న కాగితపు బిళ్లలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ ఏర్పడుతుంది. నేను చేరిన కొత్తలో దాదాపు ప్రతి బిళ్ల చుట్టూ ఖాళీ కనబడేది. పోనుపోను ఖాళీలు తగ్గిపోయాయి. కొన్ని ప్లేట్ల మీద ఏ బిళ్లా దేన్నీ చంపలేకపోయేది. అలాంటి రిపోర్టు రాసేటప్పుడు పెన్ను బరువుగా ఉండేది.

మంథని అమ్మాయి

వైదేహి మా దగ్గరికి వచ్చింది అలాంటి రోజుల్లోనే. హైదరాబాద్‌లో ఒక పరిశోధనశాలలో పనిచేసేది. సొంతూరు మంథని. తండ్రి గుడిలో అర్చకుడు. సన్నగా, కళ్లద్దాలతో, చేతిలో ఖాళీ సీసాల సంచితో వచ్చి నన్ను అడిగిన మొదటి మాట ఇది:

"మేడం, మీ దవాఖాన వెనకాల మురుగు ఏ కాలువలో కలుస్తది?"

మునిసిపాలిటీ మనిషేమో అనుకున్నాను. కాదు, ఆమెకు ఆ నీళ్లు కావాలి. మురుగు నీళ్లలో బాక్టీరియా ఎక్కువ. బాక్టీరియా ఎక్కడ ఉంటే దాన్ని పట్టి చంపే వైరస్‌లు అక్కడ ఉంటాయి. వాటిని ఫేజ్‌లు అంటారు. నేను పుస్తకంలో చదివాను కాని కళ్లతో చూడలేదు. ఆమె కాలువ నీళ్లను వడగట్టి, మా ప్లేట్లలో ఏ మందుకూ లొంగని బాక్టీరియా మీద ఒక చుక్క వేసింది. మర్నాడు పొద్దున ఇంక్యుబేటర్ తెరిచి చూస్తే తెల్లటి పొర మధ్యలో గుండ్రటి ఖాళీ చుక్కలు. పురుగు కొట్టిన ఆకులా. అక్కడ బాక్టీరియా లేదు. నా సర్వీసులో అంత సంతోషపడ్డ ఉదయాలు తక్కువ.

"మీ ఇంట్లో ఏమంటున్నరు ఈ పనికి?" అని అడిగాను.

"మా నానమ్మ నన్ను సీదా బావి కాడికి పంపిస్తది అక్కా. స్నానం చేసినంకనే గడప తొక్కాలె. గోదావరి నీళ్లు తెమ్మంటె గీ మురుగు నీళ్లు తెస్తున్నవేందే అంటది" అని నవ్వింది. అప్పటికే మేడం పోయి అక్క వచ్చింది.

అయితే ఆమె అసలు పరిశోధన ఇది కాదు. ఆమె ల్యాబులో ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలను ఫ్లాస్కులలో పెంచుతారు. ఫేజ్ బాక్టీరియాను మాత్రమే చంపుతుంది, మనిషి కణంలో అది పెరగలేదు. కాని మన ఒంట్లో బాక్టీరియా ఉన్నచోటల్లా ఫేజ్‌లు కూడా ఉంటాయి కదా. ప్రొస్టేట్ దగ్గర తరచూ ఇన్‌ఫెక్షన్ వచ్చే మనిషిలో క్యాన్సర్ కణానికి ఫేజ్ తగలకుండా ఉండదు. తగిలితే ఆ కణం ఊరకే ఉంటుందా, ఏమైనా మారుతుందా? ఇదీ ఆమె ప్రశ్న. జవాబు కాదు, ప్రశ్న. ఈ తేడాను పిల్లలు గట్టిగా పట్టుకోవాలి. మిగతా కథంతా ఆ తేడా చెరిగిపోవడం వల్ల జరిగిందే.

సమ్మయ్య కాక

సమ్మయ్య కాక మా నాన్నతో కలిసి ఒకే బాయిలో పనిచేశాడు, అలా నాకు బాబాయి వరస. భూమి లోపల ఊరే నీళ్లను పైకి తోడే పంపు ఆయన డ్యూటీ. రిటైరయ్యాక ఖనిలోనే, అంటే గోదావరిఖనిలోనే, ఇల్లు కట్టుకున్నాడు. భార్య ఓదెలమ్మను నేను చిన్నమ్మ అని పిలిచేదాన్ని. కూతుర్ని శ్రీరాంపూర్‌లో ఇచ్చారు, అల్లుడు అక్కడ బాయిలోనే చేస్తాడు.

కాక మూత్రం పరీక్షకు వస్తే ఇచ్చి వెళ్లిపోయేవాడు కాదు. కిటికీకి మోచేతులు ఆనించి ముచ్చట పెట్టేవాడు. వైదేహి ప్లేటును నాకు చూపిస్తున్న రోజు కూడా అక్కడే ఉన్నాడు.

"గా రంధ్రాలేంది బిడ్డా?"

చెప్పాను. మందులకు చావని బాక్టీరియాను ఈ వైరస్ చంపింది కాకా అని. ఆయన కళ్లు ప్లేటు మీదే ఉన్నాయి. వైదేహి మర్యాద కొద్దీ తన పని గురించి కూడా చెప్పింది. ప్రొస్టేట్ మాట రాగానే ఆయన మోచేతులు కిటికీ మీంచి లేచాయి.

"అంటె నాకున్న గడ్డకు గూడ?"

"ఫ్లాస్కుల ఉన్న కణాలకు కాకా. మనిషికి కాదు. ఇంకా ఏమైతదో మాకే తెల్వది" అంది వైదేహి.

"సరే తియ్" అన్నాడాయన. ఆ రోజుకు అంతటితో అయిపోయింది.

ఆయన గడ్డ క్యాన్సరే. ప్రొస్టేట్‌కు చేసే రక్తపరీక్షలో అంకె బాగా పెరిగింది, ముక్క తీసి చూస్తే తేలింది, ఎముకల స్కానులో నడుము దగ్గర మచ్చలు మొదలయ్యాయి. వారానికోసారి కరీంనగర్ నుంచి వచ్చే మూత్రరోగ నిపుణుడు దారి చెప్పాడు. ఈ క్యాన్సర్ మగ హార్మోన్‌ను తిని బతుకుతుంది. హార్మోన్‌ను ఆపితే క్యాన్సర్ కుంచించుకుపోతుంది. పూర్తిగా పోదు, కాని చాలామందిని ఏళ్లకేళ్లు నిలబెడుతుంది. ఆపడానికి రెండు దారులు. మానకుండా సూదులు వేయించుకోవడం, లేదా వృషణాలు తీసే చిన్న ఆపరేషన్.

కాక రెండూ వద్దన్నాడు.

ఎందుకో ఆయన నాతో అనలేదు. చిన్నమ్మ వచ్చింది. ల్యాబులో ఎవరూ లేనప్పుడు లోపలికి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకేసి చూస్తూ చెప్పింది.

"ఎడ్లకు చేసినట్టు నాకు చేస్తరా అంటుండు బిడ్డా. సూది గూడ గదే పని చేస్తదట కదా, ఎవలో చెప్పిన్రట. రెండు రోజులాయె, అన్నం ముడుతలేడు."

"నువ్వు చెప్పరాదు చిన్నమ్మా?"

"నేనా?" అని ఆమె నా వైపు తిరిగింది. "మొగని తోని గా ముచ్చట ఎట్ల మాట్లాడుత బిడ్డా? నువ్వు సదువుకున్నదానివి. నువ్వే చెప్పు."

నేనే చెప్పాను. అలవాటు లేని పని. కాకను మందుల షాపు పక్కన టీ కొట్టు దగ్గరికి తీసుకుపోయి, వృషణాలు అనే మాట అనలేక "ఆ ఆపరేషన్" అంటూనే చాలాసేపు మాట్లాడాను. ఈ వయసులో పోయేది ఏమిటి, ఉండేది ఏమిటి అని అడిగాను. నడుము నొప్పి తగ్గుతుందని, ఇంట్లో మనవళ్లతో తిరుగుతావని చెప్పాను. ఆయన టీ చల్లారిపోయింది. చివరికి అన్నాడు:

"సూదుల కోసం మాటిమాటికి దవాఖానకు రాను. ఎవలన్న అడుగుతరు. ఒక్కసారే అయిపోవాలె. బయట గడ్డ ఆపరేషన్ అని చెప్పాలె, అంతే."

"అంతే కాకా."

డాక్టరు తేదీ ఇచ్చాడు. చిన్నమ్మ ఆ సాయంత్రం మా ఇంటికి జామపండ్లు పంపింది.

పెద్దసారు మాట్లాడిన వీడియో

అప్పటికి మెయిన్ రోడ్డులో ఒక పెద్ద దవాఖాన తెరుచుకుంది. అద్దాల గోడలు, లిఫ్టు. మా దగ్గరికి వచ్చేవాళ్లు అటు మళ్లసాగారు. పెద్దసారు గొంతు అదే ఉన్నా అందులో దిగులు వినబడేది.

ఒక పొద్దున ఆయన ఇద్దరు కుర్రాళ్లను ల్యాబులోకి తీసుకొచ్చాడు. యూట్యూబ్‌లో వార్తలు పెట్టేవాళ్లు. ఒకడి చేతిలో మైకు, ఒకడి చేతిలో ఫోను. వైదేహి హైదరాబాద్‌లో ఉంది. నేను చేతికి గ్లౌజులతో ప్లేట్లు సర్దుతున్నాను. పెద్దసారు ఒక ప్లేటు తీసుకుని వెలుతురుకు పట్టి, ఫోను వైపు తిరిగి మాట్లాడాడు. మన ఖని కాలువ నీళ్లలో, మన దవాఖానలోనే, క్యాన్సర్‌ను తినే వైరస్‌ను పట్టామన్నాడు. ప్రొస్టేట్ క్యాన్సర్ మీద ప్రయోగాలు సాగుతున్నాయన్నాడు. కత్తి అవసరం లేని రోజులు వస్తున్నాయన్నాడు.

"సారూ, ఆ ప్లేటు మీద ఉన్నది బాక్టీరియా. క్యాన్సర్ కణం ఒక్కటి కూడ లేదు" అని అక్కడే అన్నాను. మైకు కుర్రాడు నా వైపు ఒకసారి చూసి, మళ్లీ సారు వైపు తిప్పుకున్నాడు. నా మాట వీడియోలో లేదు.

సాయంత్రానికి ఆ వీడియో ఖని అంతా తిరిగింది. షేర్ ఆటోల్లో వినబడింది. శ్రీరాంపూర్‌లో షిఫ్టు దిగిన అల్లుడి ఫోనులోకి వచ్చింది. అల్లుడు మామకు చూపించాడు.

ఆపరేషన్ రోజు కాక రాలేదు.

నేను డ్యూటీ అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. కాక అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎన్నో రోజుల తర్వాత ఆయన ముఖంలో నవ్వు చూశాను. ఆ నవ్వు చూసి నాకు భయమేసింది.

"రా బిడ్డా, కూసో. నీకు చెప్పకుంట మానేసిన్నని కోపం జెయ్యకు."

"కాకా, ఆ వీడియోల చెప్పింది సరికాదు. మందు లేదు. ఇప్పట్ల రాదు కూడ."

"మీ సారే చెప్పిండు గద."

"సారు ఎక్కువ చెప్పిండు."

"ఆయన డాక్టరు, నువ్వు ల్యాబు. ఎవల మాట పట్టుకోవాలె నేను?" ఆయన కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. "గా రంధ్రాలు నేను నా కండ్లతోని చూసిన. నువ్వే చూపిచ్చినవ్."

"అది క్యాన్సర్ కాదు కాకా, బాక్టీరియా..."

"రెండూ ఖరాబు చేసేటియే గద. దాన్ని తిన్నది దీన్ని తినదా?"

దీనికి ఏం చెప్పాలి? చెప్పాను, మళ్లీ మళ్లీ చెప్పాను. వినే మనిషికి వద్దనిపించే దారి ఒకటి, కావాలనిపించే దారి ఒకటి ఉన్నప్పుడు మన వివరణ ఎంత సరైనదైనా ఊక కిందే లెక్క. చిన్నమ్మ గుమ్మంలో నిలబడి ఇద్దరినీ మార్చిమార్చి చూస్తోంది. ఏమీ అనలేదు.

మర్నాడు పెద్దసారు దగ్గరికి వెళ్లి, ఇంకో వీడియో చేయండి సారూ, ఆపరేషన్ మానొద్దని చెప్పండి అని అడిగాను.

"నేను ఆపరేషన్ మానుకొమ్మన్ననా స్వరూపా? ప్రయోగం నడుస్తున్నదన్న. అబద్ధమా?"

"కత్తి అవసరం లేని రోజులు వస్తున్నయన్నరు."

"వస్తయ్‌లే ఎప్పుడో ఒకప్పుడు. జనానికి జరంత ఆశ పెడితె తప్పా? నువ్వు ఫికర్ చెయ్యకు, ఆ మనిషిని నా దగ్గరికి పంపు."

కాకను పంపాను. సారు ఆయన భుజం తట్టి, ఆపరేషన్ చేయించుకుంటే మంచిదే, మన పరిశోధన కూడా సాగుతూనే ఉంటుంది అన్నాడట. కాక చెవిలో రెండో సగమే పడింది.

రెండో ఫ్లాస్కు

వైదేహికి నేనే ఫోన్ చేశాను. వీడియో చూసి ఆమె మర్నాడే బస్సెక్కి వచ్చింది. ఇద్దరం కలిసి కాక ఇంటికి వెళ్లాం. ఆమె దాచుకోకుండా అంతా చెప్పింది. తన దగ్గర రెండు రకాల ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలు ఉన్నాయి. ఫేజ్‌లు పోస్తే ఒక రకం కణాలు కదలడం కొంచెం మందగించింది. రెండో ఫ్లాస్కులోని రకంలో అలా జరగలేదు. పైగా కణాన్ని చావనివ్వకుండా కాపాడే గుణం కొంత పెరిగినట్టు కనబడింది.

"అంటే మేలు చేస్తదో, కీడు చేస్తదో కూడ నాకు తెల్వది కాకా. నీ ఒంట్ల ఉన్నది మొదటి రకమో రెండోదో కూడ తెల్వది. ఇంకో మాట, మేం పోసిన నీళ్లల్ల ఫేజ్‌తోని పాటు చచ్చిన బాక్టీరియా ముక్కలు కూడ ఉంటయి. కణం మారింది ఫేజ్ వల్లనో, ఆ ముక్కల వల్లనో విడదీసి చూడాలె. అది ఇంకా చెయ్యలే."

కాక ఆమె వైపు జరిగి కూర్చున్నాడు.

"నాకు చెయ్యి మరి" అన్నాడు.

"ఏంది కాకా?"

"ఫ్లాస్కుల ఉన్నదానికి చేసిన పని నాకు చెయ్యి. సంతకం పెడుత. మంచిగైతె అయిత, లేకుంటె నీకు తెలుస్తది గద, ఇంకొకనికి పనికొస్తది."

వైదేహి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "అట్ల చెయ్యరాదు కాకా. చేస్తే నేను మనిషిని కాదు" అంది. ఆయన ఆ కళ్లద్దాలు తుడవడం చూశాడు. కాని దాని నుంచి ఆయన తీసుకున్న అర్థం వేరు. పెద్ద ఆఫీసర్లు ఒప్పుకోవడం లేదు కాబట్టి ఈ పిల్ల భయపడుతోంది, కొన్నాళ్లు ఆగితే ఒప్పుకుంటారు అని. ఈ సంగతి ఆ తర్వాత చిన్నమ్మ నాకు చెప్పింది.

ఆయన ఆగాడు. ఎండాకాలం పోయింది. నడుము నొప్పికి బిళ్లలు వేసుకుంటూ ఆగాడు. వానలు పడ్డాయి. ఒక పొద్దున మంచం మీంచి లేవబోతే కాళ్లు మాట వినలేదు.

వెన్నెముకలోకి దిగిన గడ్డ నరాలను నొక్కేసింది. అల్లుడు కారు మాట్లాడి కరీంనగర్ తీసుకుపోయాడు. ఇన్నాళ్లు తప్పించుకున్న ఆపరేషన్ ఆ రోజే చేశారు, తర్వాత వెన్నుకు కరెంటు పెట్టారు, రేడియేషన్‌ను ఇక్కడ అలాగే అంటారు. నొప్పి చాలావరకు పోయింది. రక్తపరీక్షలో అంకె కూడా దిగింది. ముందే చేసి ఉంటే అది ఎంత పనిచేసి ఉండేదో ఆ అంకె చూస్తే నాకు తెలిసిపోయింది. కాళ్లు మాత్రం తిరిగి రాలేదు.

మంచం దగ్గర

ఆయన తర్వాత చాలా నెలలు బతికాడు. నేను వారానికోసారి వెళ్లేదాన్ని. పైపు వేశారు కాబట్టి శాంపిల్ నేనే తెచ్చుకునేదాన్ని.

ఒకసారి పెద్దసారు నాతో వస్తానన్నాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. కాక ఆయన చెయ్యి పట్టుకుని, ఎగతాళి లేకుండా, నిజమైన ఆశతో అడిగాడు:

"సారూ, గా మందు ఎప్పుడొస్తది? కాళ్లకు గూడ పనిచేస్తదా?"

పెద్దసారు ఆ చేతిని మెల్లగా మంచం మీద పెట్టి లేచాడు. మర్నాడు ఆ యూట్యూబ్ కుర్రాళ్లకు చెప్పి వీడియోను తీసేయించాడు. అప్పటికి దాన్ని ఎందరో తమ ఫోన్లలోకి ఎక్కించుకున్నారు, వేరే పేర్లతో మళ్లీ పెట్టారు. ఆయన చెడ్డవాడు కాదు. దవాఖాన మీద ప్రేమతో, భయంతో నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడాడు. చెడ్డవాళ్ల కంటే ఇలాంటి మంచివాళ్ల వల్లే మన వృత్తిలో ఎక్కువ నష్టం జరుగుతుందని నా అనుభవం. చెడ్డవాడి మాట మీద జనానికి అనుమానం ఉంటుంది. ఈయన మాట మీద లేదు.

కాకకు ఆ ఫ్లాస్కుల ధ్యాస చివరిదాకా పోలేదు. ఒక రోజు అడిగాడు.

"గా కణాలు ఏడికెల్లి వచ్చినయ్ బిడ్డా? ఎవలియి?"

ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చిన ఎవరో మనిషి ఒంట్లోంచి తీసినవి కాకా, వేరే దేశంలో, చాలా ఏళ్ల కింద అన్నాను. మనిషి పోయినా ఆ కణాలను ల్యాబుల్లో పెంచుతూనే ఉన్నారు.

"ఎముకలకు పాకిందా ఆయనకు గూడ?"

"ఒక రకం ఎముకలోంచి తీసిందేనట."

"ఆయన గూడ ఎంత తిప్పల పడ్డడో. నా అసొంటోడే" అన్నాడు. ఎక్కడో పుట్టి, ఎప్పుడో పోయిన ఆ మనిషి కోసం ఆయన కళ్లలో నీళ్లు వచ్చాయి. ఎన్నో ఏళ్లుగా కణాల గురించి చదివాను, మాట్లాడాను. ఆ కణాల వెనుక తిప్పలు పడ్డ మనిషి ఒకడు ఉన్నాడని నాకు ఎప్పుడూ తట్టలేదు.

కాక చలికాలంలో పోయాడు.

ఆగిపోయిన పని

వీడియో సంగతి హైదరాబాద్‌లో వైదేహి పైఅధికారికి కూడా చేరింది. మీ పేరుతో ఊళ్లలో వైద్యం అమ్ముతున్నారా అని అడిగారట. ఆమె తప్పు ఏమీ లేదని తేలింది కాని, మా దవాఖానతో కలిసి పనిచేయడం ఆపమన్నారు. కాలువ నీళ్ల ఫేజ్‌ల పని అటకెక్కింది. అది ఆగేలోపే ఆమె పనిలో ఒక్క మెట్టు ముందుకు వెళ్లింది. ఫేజ్‌లను శుభ్రంగా వేరుచేసి, బాక్టీరియా ముక్కలు లేకుండా మళ్లీ కణాల మీద పోసింది. మొదట కనబడిన మార్పులో కొంత మాయమైంది, కొంత మిగిలింది. ఆ మిగిలిన కొంతే అసలు విషయం. అది ఏమిటో, మనిషికి పనికొస్తుందో లేదో తేల్చాలంటే ఇంకా ఏళ్లు పట్టేది. ఆమెను వేరే పనిలో వేశారు. కొన్నాళ్లకు ఆమె ఒక టీకాల కంపెనీలో చేరింది. బాగానే ఉంది. పండగలకు ఫోన్ చేస్తుంది. ఆ ఫ్లాస్కుల మాట ఆమె ఎత్తదు, నేనూ ఎత్తను.

నాకు రెండు దిగుళ్లు మిగిలాయి. కాక కాళ్లు ఒకటి, ఆ మిగిలిన కొంత ఒకటి. మందు కాని దాన్ని మందు అన్నందుకు, ఎప్పటికైనా మందు అయ్యేదేమో కూడా తెలియకుండా పోయింది. ఇలాంటి పరిశోధనలు ఇతరచోట్ల ఇంకా జరుగుతున్నాయని వింటున్నాను. మంచిదే. మీలో ఎవరైనా ఆ పనిలోకి వెళ్తే, బయటివాళ్లు "ఏమైంది?" అని అడిగినప్పుడు ముందు రెండో ఫ్లాస్కు సంగతి చెప్పండి. మొదటిది చెప్పాక రెండోది ఎవరూ వినరు.

ఓదెలమ్మ

నేను రిటైరైన తర్వాత ఒక పొద్దున చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది. వెంట ఆమె తమ్ముడు మల్లేశం ఉన్నాడు. కాసిపేట దగ్గర వ్యవసాయం చేసే మనిషి. ఆయనకూ అదే జబ్బు తేలింది. కాకను చూసిన ఆ మూత్రరోగ డాక్టరు ఇప్పుడు ఎక్కడ కూర్చుంటున్నాడో కనుక్కుందామని వచ్చారు. ముగ్గురం ఆటోలో ఆయన కూర్చునే దవాఖానకు వెళ్లాం.

హాలు నిండా మగవాళ్లు. ముసలివాళ్లు, వాళ్లను పట్టుకొచ్చిన కొడుకులు. మా పేరు పిలవడానికి ఇంకా టైముంది. మల్లేశం తువ్వాల చేతుల్లో నలుపుతూ అక్క వైపు వంగి గుసగుసగా అడిగాడు.

"ఏం చేస్తరే అక్క? గడ్డ తీస్తరా?"

నేను నోరు తెరవబోయాను. చిన్నమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"గడ్డ తియ్యరు. వట్టలు తీస్తరు" అంది.

మామూలు గొంతుతోనే అంది. ఆ హాలులో అది అందరికీ వినబడింది. ఎదురుగా కూర్చున్నాయన తల దించుకున్నాడు. మల్లేశం చెవులు ఎర్రబడ్డాయి.

"మెల్లగనే..."

"ఎందుకు మెల్లగ? ఈడ కూసున్నోళ్లందరి బాధ గదే గద. అవి తీస్తె గడ్డ సల్లబడ్తది. నువ్వు నడుస్తవ్. మీ బావ సిగ్గువడ్డడు, నేను ఆయన కంటె ఎక్కువ సిగ్గువడ్డ. నలబై ఏండ్లు ఒక్క మంచంల పన్నోళ్లం, గా ఒక్క మాట నా నోటికెల్లి రాలె. ఎవలెవలో చెప్పిన్రు ఆయనకు. నేను చెప్పలె. నాకు మొగోడు గాదు, మనిషి గావాలె అని నేను చెప్తె ఇనేటోడేమో."

టీ కొట్టు దగ్గర "ఆ ఆపరేషన్" అంటూ నేను తిప్పలుపడ్డ మధ్యాహ్నం నాకు గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? డాక్టరు, సారు, నేను, వైదేహి, అల్లుడు, అందరం ఆయనతో మాట్లాడాం. గుమ్మంలో నిలబడ్డ ఆమెను వచ్చి పక్కన కూర్చోమని మాలో ఒక్కరమూ అనలేదు.

నర్సు పేరు పిలిచింది. మల్లేశం లేచాడు. అక్క కూడా ఆయనతోపాటు లేచి, ముందుగా తనే తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.